మన పాటను బ్లాక్‌చెయిన్ మీద పెట్టి అమ్ముకునేదెట్ల

"అన్నా, పాటను ఎన్ఎఫ్‌టీ చేస్తే లక్షలొస్తాయంట కదా" అని పోయిన నెల కడప నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసినాడు. ఎన్ఎఫ్‌టీ అంటే ఫలానా కాపీ ఫలానా వాడిదని బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి లెక్కల పుస్తకంలో రాసిపెట్టిన డిజిటల్ రసీదు, ఆ పుస్తకం సంగతి కింద చెప్తా. ఆ తమ్ముడు ర్యాప్ రాస్తాడు, గొంతు బాగుంటుంది, బీట్ మాత్రం యూట్యూబ్‌లో దించుకున్నది. లక్షలు రావు తమ్ముడూ అని మొదలుపెట్టి గంటన్నర మాట్లాడినా, ఆ మాట్లాడిందే ఇప్పుడు రాస్తున్నా ఎందుకంటే కర్నూలు నుంచి, ప్రొద్దుటూరు నుంచి కూడా ఇదే అడుగుతున్నారు. నేను అనంతపురంలో మిద్దె మీద గదిలో రికార్డింగ్ చేస్తా, పెళ్లిళ్లకు కీబోర్డ్ వాయిస్తా, నావి కొన్ని పాటలు ఇట్ల పెట్టి అమ్మినా. వచ్చింది తక్కువే కానీ ఎన్ని కాపీలు పోయినాయో, ఎప్పుడు పోయినాయో ప్రతి ఒక్కటీ నా కళ్ల ముందే ఉంది, అది నాకు ఇంకెక్కడా దొరకలేదు.

ఒక్క మాట మొదట్లోనే గట్టిగా పెట్టుకోండి. మనం పోతున్నది పాట అమ్ముకోడానికి, కాయిన్లు కొనడానికి కాదు. పన్ను, సీఏ ఫీజు తప్ప, కింద చెప్పే ఏ దశలోనైనా మీ జేబులోంచి ఐదొందలు దాటి ఖర్చవుతుంటే యాడో దారి తప్పినారని అర్థం, ఆగిపోండి.

అసలిదేంది

మనూళ్లో చీటీలు అందరికీ తెలుసు కదా. చీటీ నడిపే ఆయన దగ్గర ఒక్కటే పుస్తకం ఉంటే ఆయన ఏం రాస్తే అదే లెక్క, ఆయన పుస్తకం ఎత్తుకుని పోతే ఇరవై మందీ రోడ్డు మీద. అదే ఇరవై మంది దగ్గరా ఇరవై పుస్తకాలుండి, ప్రతి నెలా ఎవరు ఎంత కట్టినారో అందరూ ఒకేసారి రాసుకుని, అందరి పుస్తకాలూ కలిస్తేనే ఆ లైను ఖాయం అనుకుంటే ఒక్కడు మార్చి రాసినా పట్టుబడతాడు. బ్లాక్‌చెయిన్ అంటే ఆ ఇరవై పుస్తకాలు వేల కంప్యూటర్లలో ఉండటం. 2009లో బిట్‌కాయిన్ ఈ పద్ధతిలో డబ్బు లెక్క రాసింది, 2015లో వచ్చిన ఇథీరియం ఇంకో మెట్టెక్కి "ఇంత డబ్బు వస్తే ఇట్ల పంచు" అనే షరతును కూడా ఆ పుస్తకంలోనే రాసే వీలు పెట్టింది. దాన్నే స్మార్ట్ కాంట్రాక్ట్ అంటారు, మనకు పనికొచ్చేది అదే.

అదే ఏడాది అక్టోబర్‌లో ఇమోజెన్ హీప్ అనే బ్రిటిష్ గాయని తన పాట ఒకటి ఇథీరియం మీద అమ్మింది, కొన్నవాళ్లు పంపిన డబ్బు ఆమెతో పనిచేసిన వాయిద్యగాళ్లకు నేరుగా వాటాలుగా పోయింది. డబ్బు పెద్దగా రాలేదు గానీ దారి చూపించింది. తర్వాత 2021 ఫిబ్రవరిలో బ్లావ్ అనే అమెరికన్ డీజే తన ఆల్బమ్ ఎన్ఎఫ్‌టీలతో కోటి డాలర్లకు పైగా అమ్ముకున్నాడు, అందరికీ పిచ్చి పట్టింది ఆ వార్తతోనే. ఆ వేడి 2022లోనే దిగిపోయింది. మా కడప తమ్ముడు విన్నది ఆ పాత వార్తే.

మరి ఎందుకు చేయాలంటే, మన మాదిరి చిన్నోళ్లకు స్ట్రీమింగ్‌లో తలుపు రొంత రొంతగా మూసుకుంటోంది. స్పాటిఫై 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో 1,000 స్ట్రీములు దాటని పాటకు రికార్డింగ్ రాయల్టీ లెక్కే కట్టడం లేదు. తెలుగులో, అదీ సీమ యాసలో పాడే కొత్త గొంతుకు ఆ వెయ్యి దాటడానికే ఏడాది పడుతుంది. అట్లని యూట్యూబ్, స్పాటిఫై వదిలేయమనట్లేదు, జనం వినేది ఆడనే. ఇది వాటి పక్కన పెట్టే చిన్న అంగడి అనుకోండి.

ముందు పాట ఎవరిదో తేల్చండి

అందరూ వాలెట్‌తో (కాయిన్లు, ఎన్ఎఫ్‌టీలు పెట్టుకునే యాప్) మొదలుపెడతారు, నేను కాగితంతో మొదలుపెట్టమంటా. ఎందుకంటే చెయిన్ మీద ఒకసారి రాసింది చెరపలేం, పాట మీది కాకపోతే ఆ తప్పు కూడా అట్లే శాశ్వతంగా ఉండిపోతుంది.

కూర్చుని రాసుకోండి: సాహిత్యం ఎవరిది, ట్యూన్ ఎవరిది, పాడింది ఎవరు, రికార్డింగ్‌కు డబ్బు పెట్టింది ఎవరు, డప్పు వాయించిన అన్నకు ఆ రోజు కూలీ ఇచ్చి సరిపెట్టినారా లేక వాటా అన్నారా. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ వల్ల సినిమాలోనో ఆల్బమ్‌లోనో వాడిన పాటకు రచయిత, సంగీతకర్త రాయల్టీ వాటా హక్కును ఊరికే రాసిచ్చేయడానికి కుదరదు, కాబట్టి "మావోడే కదా, ఏమనుకోడు" అని వదిలేయొద్దు. ఒక పేజీలో శాతాలు రాసి అందరి సంతకాలు తీసుకుని ఫోటో తీసి పెట్టుకోండి. ఒక పాట దగ్గర నేను ఇది చేయలేదు, రచయిత స్నేహితుడితో ఆరు నెలలు మాటల్లేవు, మళ్లీ కలిసినాం గానీ ఆ బాధ ఇప్పటికీ ఉంది నాకు.

బీట్ యూట్యూబ్‌లో ఫ్రీ అని దొరికితే దాని కింద ఉన్న లైసెన్స్ చదవండి, చాలావాటిలో అమ్ముకోడానికి అనుమతి ఉండదు. సినిమా పాట కవర్ అయితే ఇక్కడ పెట్టనే వద్దు.

మన సీమలో ఇంకో చిక్కుంది. వేమన పద్యాలు, బ్రహ్మంగారి తత్వాలు, అన్నమయ్య కీర్తనలు, వీటి మాటలు ఎవరి సొత్తూ కాదు. కానీ అన్నమయ్య కీర్తనలకు ఇప్పుడు మనం వినే ట్యూన్లలో చాలా వరకు పోయిన శతాబ్దంలో కట్టినవే. మన అనంతపురం జిల్లా బిడ్డ రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ గారు ఎన్నో కీర్తనలకు స్వరం కట్టినారు, ఆయన పోయింది 1979లో, మన చట్టంలో కట్టినాయన పోయిన తర్వాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది, లెక్కేసుకోండి. కాబట్టి కీర్తన తీసుకుంటే ట్యూన్ మీరే కట్టుకోండి. చెక్కభజన పాటలు, ఉరుముల వాళ్ల పాటలు ఊరందరివీ అయినా, పాడే బృందం దగ్గరకు పోయి రికార్డ్ చేసి మీ పేరు మీద అమ్ముకోవడం చట్టం ఆపకపోయినా నేను మాత్రం తప్పనే అంటా. వాళ్ల పేర్లు పెట్టండి, వాటా ఇవ్వండి.

మీరు ఇప్పటికే ఐపీఆర్ఎస్‌లో (రచయితలకు, సంగీతకర్తలకు రాయల్టీ వసూలు చేసిపెట్టే సంస్థ) మెంబర్ అయినా, పాటను స్ట్రీమింగ్ సైట్లకు చేర్చే ఏదైనా డిస్ట్రిబ్యూటర్‌తో ఎక్స్‌క్లూజివ్ అని సంతకం పెట్టినా, ముందు వాళ్లను అడిగి మెయిల్‌లో జవాబు తెప్పించుకోండి, ఎందుకంటే ఆ హక్కుల్లో కొన్ని మీరు అప్పుడే వాళ్లకు రాసిచ్చేసి ఉంటారు.

వాలెట్ తెరవడం

ఇథీరియం వైపు అయితే మెటామాస్క్, సొలానా అనే ఇంకో బ్లాక్‌చెయిన్ వైపు అయితే ఫాంటమ్, ఎక్కువ మంది వాడేవి ఇవి. గూగుల్‌లో వెతికి పైన కనపడే యాడ్ నొక్కొద్దు, నకిలీవి అట్లనే వస్తాయి, అసలు అడ్రస్ సొంతంగా టైప్ చేసి దించుకోండి. తెరవగానే 12 ఇంగ్లీష్ పదాలు చూపిస్తుంది, దాన్ని సీడ్ ఫ్రేజ్ అంటారు. ఆ పదాలే మీ వాలెట్. పాస్‌వర్డ్ మర్చిపోతే బ్యాంకు మాదిరి రీసెట్ చేసిచ్చేవాడు యాడా లేడు, పదాలు పోతే డబ్బు పోయినట్టే, పదాలు ఇంకొకడికి తెలిస్తే డబ్బు వాడిదే.

పెన్నుతో కాగితం మీద రెండు కాపీలు రాయండి, వరుస తప్పకుండా, స్పెల్లింగ్ తప్పకుండా. ఒకటి ఇంట్లో బీరువాలో, ఇంకోటి నమ్మకమైన చోట. స్క్రీన్‌షాట్ వద్దు, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవద్దు, గూగుల్ డ్రైవ్ వద్దు. నాతో వాయించే గిటార్ కుర్రోడు ఒకడు "మీ వాలెట్ వెరిఫై చేసుకోండి" అని వచ్చిన పేజీలో ఆ 12 పదాలు కొట్టినాడు, మూడు నిమిషాల్లో అంతా ఖాళీ. ఉన్నది నాలుగు వేలే, కానీ అది రెండు ప్రోగ్రాముల డబ్బు వాడికి. ఏ కంపెనీ వాళ్లూ, ఏ సపోర్ట్ వాళ్లూ, ఎప్పుడూ ఆ పదాలు అడగరు. అడిగినారంటే దొంగే.

ఇంకోటి, రెండు వాలెట్లు పెట్టుకోండి. ఒకటి అంగడి వాలెట్, సైట్లకు కనెక్ట్ చేసేది. ఇంకోటి గల్లాపెట్టె, దాన్ని ఏ సైట్‌కూ కనెక్ట్ చేయొద్దు, వచ్చిన డబ్బు దాంట్లోకి తోసేయండి.

ఎక్స్‌ఛేంజ్ అకౌంట్

రూపాయలను క్రిప్టోగా (బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ డబ్బు), క్రిప్టోను రూపాయలుగా మార్చేది ఇది. మన దేశంలో క్రిప్టో నిషేధం కాదు, అట్లని చట్టబద్ధమైన కరెన్సీ కూడా కాదు. 2018లో రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు అడ్డుకట్ట వేస్తే 2020 మార్చి 4న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2023 మార్చి నుంచి ఎక్స్‌ఛేంజీలన్నీ మనీలాండరింగ్ చట్టం కిందికి వచ్చినాయి, కేంద్రం ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌లో రిజిస్టర్ అయి ఉండాలి. అట్ల రిజిస్టర్ అయినదాంట్లోనే పాన్, ఆధార్, మీ పేరు మీదుండే బ్యాంకు అకౌంట్‌తో కేవైసీ చేసుకోండి.

టెలిగ్రామ్‌లో "రేటు ఎక్కువిస్తాం, యూపీఐలో వెంటనే వేస్తాం" అనేవాళ్లకు అమ్మొద్దు. ఆ డబ్బు ఎవరినో మోసం చేసి తెచ్చింది అయితే సైబర్ క్రైమ్ కేసులో మీ బ్యాంకు అకౌంట్ ఫ్రీజ్ అవుతుంది, తర్వాత యాడో వేరే రాష్ట్రం పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాల్సింది మీరు.

ఎక్స్‌ఛేంజ్‌లో డబ్బు నిల్వ కూడా పెట్టొద్దు. 2024 జులైలో వజీర్‌ఎక్స్ అనే మన దేశపు ఎక్స్‌ఛేంజ్ నుంచి 23 కోట్ల డాలర్ల దాకా హ్యాకర్లు ఎత్తుకుపోయినారు, మామూలు జనం డబ్బు నెలల తరబడి ఇరుక్కుపోయింది. మార్చుకునే రోజు మాత్రమే ఆడికి పోవాలి.

గ్యాస్ ఫీజు కోసం రెండు మూడొందల రూపాయల ఈథర్ (ఇథీరియం సొంత కాయిన్) కొంటే చాలు. గ్యాస్ అంటే ఆ వేల పుస్తకాల్లో మన లైను రాసినందుకు ఇచ్చే కూలీ. ఇథీరియం మెయిన్ లైన్‌లో 2021లో ఒక్క పాట ఎక్కించడానికే వేల రూపాయలు అయ్యేది. ఇప్పుడు దాని పైన బేస్, ఆప్టిమిజం అని లేయర్ 2 నెట్‌వర్కులున్నాయి, 2024 మార్చిలో వచ్చిన డెన్‌కున్ అప్‌గ్రేడ్ తర్వాత వాటిల్లో ఖర్చు బాగా పడిపోయింది, మనం ఉండాల్సింది ఆడనే. మన భారతీయ కుర్రోళ్లు మొదలుపెట్టిన పాలిగాన్ కూడా చవకే, దాని గ్యాస్‌కు మాత్రం ఈథర్ కాదు, దాని సొంత కాయిన్ కావాలి. పంపేటప్పుడు మీ వాలెట్‌లో ఏ నెట్‌వర్క్ ఉందో ఎక్స్‌ఛేంజ్‌లోనూ అదే ఎంచుకోండి, మొదట యాభై రూపాయలు పంపి చేరిందని చూసి తర్వాత మిగతాది పంపండి.

ఉత్త పైసలతో రిహార్సల్

స్టేజ్ ఎక్కే ముందు రిహార్సల్ చేస్తాం కదా. సెపోలియా అనే టెస్ట్ నెట్‌వర్క్ ఉంది, దాంట్లో ఈథర్‌కు విలువ లేదు, ఫాసెట్ అనే సైట్లలో ఊరికే ఇస్తారు. రెండు వాలెట్ల మధ్య పంపి చూడండి, లావాదేవీ ఎట్ల కనపడుతుందో ఈథర్‌స్కాన్ అనే సైట్‌లో చూడండి, ఆ పుస్తకంలోని లైన్లు చూపించేది అదే. సీడ్ ఫ్రేజ్ కాగితం చూసి వాలెట్‌ను వేరే ఫోన్‌లో తిరిగి తెప్పించుకోగలరా లేదా కూడా ఇప్పుడే చూడండి, డబ్బు పడినాక కాదు. ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు దీనికి.

యాడ పెట్టాలి

వినిపించడానికి ఆడియస్ అనే బ్లాక్‌చెయిన్ మ్యూజిక్ సైట్ ఉంది, 2019 నుంచి నడుస్తోంది, పాట ఎక్కించడానికి ఖర్చు లేదు. అమ్మడానికి ఎన్ఎఫ్‌టీ రూపంలో పాట పెట్టే సైట్లు వేరే ఉన్నాయి. వాటి పేర్ల పట్టిక ఇవ్వకపోవడానికి కారణం ఉంది, ఈ రంగంలో సైట్లు మన ఊరి వీడియో షాపుల మాదిరి పుట్టినాయి, పోయినాయి. మింట్ సాంగ్స్ అని పాటల కోసమే ఉన్న సైట్ 2023లో నాప్‌స్టర్ అనే మ్యూజిక్ కంపెనీ చేతిలోకి పోయి మూతపడింది. అమెరికాలో కోచెల్లా మ్యూజిక్ ఫెస్టివల్ వాళ్లు ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్‌ఛేంజ్‌లో ఎన్ఎఫ్‌టీలు అమ్మితే, 2022 నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్ దివాలా తీసినప్పుడు కొన్నవాళ్లవి ఆడనే ఇరుక్కున్నాయి. కాబట్టి పేరు చూడొద్దు, నాలుగు ప్రశ్నలు అడగండి. పాట ఎక్కే కాంట్రాక్ట్ నా వాలెట్ పేరు మీద ఉంటుందా, సైట్ పేరు మీదనా? సైట్ రేపు మూతపడితే కొన్నవాళ్ల వాలెట్‌లో పాట మిగులుతుందా? ప్రతి అమ్మకంలో వాళ్లు ఎంత పట్టుకుంటారు? ఈ నెలలో ఆడ ఎవరైనా నిజంగా అమ్ముకున్నారా? చివరిది చెయిన్ మీద మీరే చూడొచ్చు, ఎవరినీ నమ్మక్కర్లేదు.

వాళ్ల సొంత కాయిన్ కొంటేనే పాట పెట్టనిస్తాం అనే సైట్ అయితే అప్పుడే వెనక్కి తిరగండి.

పాట ఎక్కించడం

వావ్ (WAV) ఫైల్, 24 బిట్, కవర్ బొమ్మ 3,000 బై 3,000 పిక్సెల్స్ చతురస్రంగా. పేరు తెలుగులో పెట్టండి, వివరణలో ఇంగ్లీష్ అక్షరాల్లో కూడా రాయండి, డాలస్‌లో ఉండే మనోళ్ల పిల్లలు అట్లనే వెతుకుతారు. వాయించిన ప్రతి ఒక్కరి పేరూ రాయండి.

చాలామందికి తెలియనిది ఇక్కడుంది. పాట చెయిన్ లోపలికి పోదు. అంత పెద్ద ఫైల్ ఆ పుస్తకంలో పట్టదు, పాట యాడుందో చెప్పే లింక్ మాత్రమే దాంట్లో ఉంటుంది. అన్నమయ్య 32,000 కీర్తనలు రాసినాడంటారు, దొరికినవి 14,000 దాకా, అవైనా దొరికింది రాగిరేకుల మీద చెక్కించి దాచినారు కాబట్టే. ఎన్ఎఫ్‌టీ అనేది రాగిరేకు యాడ దాచినారో రాసిపెట్టిన చీటీ లాంటిది, రేకు పోతే చీటీ ఏం చేసుకుంటాం. అందుకే ఫైల్‌ను మామూలు సర్వర్‌లో పెట్టే సైట్ వద్దు. ఫైల్‌ను ఒక్కరి సర్వర్‌లో కాకుండా చాలా కంప్యూటర్లలో దాచే నెట్‌వర్కులున్నాయి, వాటిల్లో ఐపీఎఫ్ఎస్ మీద పెట్టి పిన్ చేసేదో (అంటే చెరిగిపోకుండా పట్టి ఉంచేదో), ఆర్‌వీవ్ మీద పెట్టేదో చూసుకోండి, మీ హార్డ్ డిస్క్‌లో ఒరిజినల్ మాత్రం ఎప్పుడూ తీసేయొద్దు.

వివరణ చివర్లో కొన్నవాడికి ఏం దొరుకుతుందో తేటగా రాయండి: "ఈ కాపీ సొంతంగా వినడానికి, దాచుకోడానికి, తిరిగి అమ్మడానికి. పాట కాపీరైట్ మా దగ్గరే ఉంటుంది, సినిమాలో, యాడ్‌లో, వీడియోలో వాడాలంటే మమ్మల్ని అడగాలి." ఈ రెండు ముక్కలు లేకపోతే రేపు గొడవే.

ధర తక్కువ పెట్టండి. ఒకే ఒక్క కాపీ లక్ష రూపాయలని పెట్టి ఏడాది కూర్చున్నవాళ్లను చూసినా. నేను రెండు డాలర్లు పెడతా, యాభై కాపీలు. ధరను ఈథర్‌లో కాకుండా యూఎస్‌డీసీ లాంటి డాలర్ కాయిన్‌లో (ఒక్కో కాయిన్ ఒక డాలర్ దగ్గరే ఉండేట్టు పెట్టింది) పెట్టనిస్తే అదే మేలు, పొద్దున అమ్మింది సాయంత్రానికి సగం అయ్యే భయం తక్కువ. భయమే లేదని కాదు, 2023 మార్చిలో ఒక అమెరికన్ బ్యాంకు కూలితే యూఎస్‌డీసీ కూడా ఒక దశలో 90 సెంట్ల కిందికి పోయింది. వచ్చినప్పుడే రూపాయలు చేసుకోండి.

తిరిగి అమ్మినప్పుడల్లా మీకు పది శాతం వస్తుంది అని చెప్తారు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. 2023 ఆగస్టులో ఓపెన్‌సీ అనే పెద్ద ఎన్ఎఫ్‌టీ అంగడి ఆ రాయల్టీని తిరిగి అమ్మేవాడి ఇష్టానికి వదిలేస్తున్నట్టు ప్రకటించింది. మొదటి అమ్మకంలో వచ్చేదే మీది.

ఎవరికి అమ్ముతాం

చెయిన్ మీద పెట్టినంత మాత్రాన కొనేవాళ్లు రారు, ఇది చెప్పేటప్పుడు నాకే మనసు బరువవుతుంది, కానీ నిజం. మిమ్మల్ని ఇప్పటికే ఇష్టపడే ముప్పై మందే మీ మార్కెట్. వాళ్ల పేర్లు కాగితం మీద రాయండి, ఒక్కొక్కరికి సొంతంగా మెసేజ్ పెట్టండి. బెంగళూరులో సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మీ క్లాస్‌మేట్స్‌కు వాలెట్ ఉండే అవకాశం ఎక్కువ, వాళ్లతో మొదలుపెట్టండి.

కడప, రాయచోటి వైపు వాళ్లు ఒకటి బాగా గుర్తు పెట్టుకోవాలి. మన పాటలు గుండెకు హత్తుకుని వినేది కువైట్‌లో ఉన్న మనోళ్లు. కానీ కువైట్‌లో 2023 జులైలో క్రిప్టో చెల్లింపులను, పెట్టుబడులను పూర్తిగా నిషేధించినారు. మీ రెండు డాలర్ల కోసం ఆడ పనిచేసే అన్నను చిక్కుల్లోకి నెట్టొద్దు. వాళ్లకు ఊరికే పంపండి పాట, లేదంటే ఇంటికొచ్చినప్పుడు డబ్బు ఇస్తారు లే.

"మీ ఎన్ఎఫ్‌టీ రెండు ఈథర్‌కు కొంటా, ముందు గ్యాస్ ఫీజు మీరు కట్టండి" అని ఇన్‌స్టాలో మెసేజ్ వస్తుంది, ఖచ్చితంగా వస్తుంది. కొనేవాడి గ్యాస్ కొనేవాడే కడతాడు. వాలెట్‌లో మీరు అడగని టోకెన్ వచ్చి పడితే ముట్టుకోవద్దు. అర్థం కాని పాప్‌అప్‌కు సైన్ కొట్టొద్దు. డబ్బు పోతే సిగ్గుపడకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

డబ్బు వచ్చినాక

ఒక నోట్‌బుక్ పెట్టండి. తేదీ, ఎన్ని కాపీలు, ఎంత కాయిన్, ఆ రోజు రూపాయల్లో విలువ, గ్యాస్ ఎంత. ప్రతి అమ్మకం అదే రోజు రాయండి, మార్చిలో కూర్చుని వెతికితే దొరకదు.

2022 ఏప్రిల్ 1 నుంచి వర్చువల్ డిజిటల్ ఆస్తుల (క్రిప్టో లాంటివాటికి చట్టం పెట్టిన పేరు) మీద లాభానికి 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్, కలిపి 31.2. పాటల ఎన్ఎఫ్‌టీలు కూడా దీంట్లోకే వస్తాయి. మీ మిగతా ఆదాయం పన్ను కట్టేంత లేకపోయినా ఇది కట్టాల్సిందే, కొన్న ధర తప్ప వేరే ఖర్చు తీసేయనివ్వరు, నష్టం వస్తే వేరేదాంట్లో సర్దుకోనివ్వరు. 2022 జులై 1 నుంచి 1 శాతం టీడీఎస్ కూడా ఉంది, రూపాయలుగా మార్చేటప్పుడు ఎక్స్‌ఛేంజ్ వాళ్లే పట్టుకుంటారు, అది పోయిన డబ్బు కాదు, రిటర్న్ వేసినప్పుడు లెక్కకొస్తుంది.

లెక్క వేసి చూద్దాం. రెండు డాలర్ల పాట 40 కాపీలు అమ్మినారు, 80 డాలర్లు. డాలర్ 85 రూపాయలనుకుంటే 6,800. పన్ను 2,122 పక్కన పెడితే 4,678 మిగులుతుంది, సైట్ ఫీజు దాంట్లోంచే. పంచుకోవాల్సింది ఈ మిగిలినదాన్ని, మొత్తం 6,800ను కాదు. ఎందుకంటే డబ్బంతా మీ వాలెట్‌లో పడింది కాబట్టి పన్ను కూడా మొత్తం మీ తల మీదే పడొచ్చు, మిత్రులకు పంచింది ఖర్చుగా చూపించుకోడానికి కుదరదు. మొదటి ఏడాదే ఒక్కసారి సీఏ దగ్గర కూర్చోండి, ఆయన తీసుకునే ఫీజు నోటీసు వచ్చినప్పుడు పడే తిప్పల కంటే తక్కువే.

అందరికీ వాలెట్లు ఉంటే స్ప్లిట్ కాంట్రాక్ట్ పెట్టి శాతాలు రాసేస్తే డబ్బు దానంతట అదే విడిపోతుంది, అందం అంతా దాంట్లోనే ఉంది. కానీ మా బృందంలో డప్పు వాయించే అన్నకు అరవై దాటినాయి, బటన్ ఫోన్ వాడతాడు. ఆయనకు వాలెట్ తెరిచి ఆ 12 పదాలు ఇంకెవరో దాచే పద్ధతి వద్దు, అది ఆయన డబ్బును ఇంకొకరి చేతిలో పెట్టడమే. కాబట్టి నేనే రూపాయలు చేసి, మా మొదటి కాగితం తీసి శాతం చూసి, పిల్లలకు ఫోన్‌పేలో వేసి, ఆయనకు మాత్రం నేరుగా ఇంటికి పోయి చేతికిస్తా, నోట్‌బుక్‌లో ఆయనతోనే సంతకం పెట్టిస్తా. ఆయన వాటా మొదటిసారి వచ్చింది 702 రూపాయలు. యాడ నుంచి వచ్చింది నాయనా ఇది అని అడిగితే చెయిన్ తెరిచి, కొన్న ఒక్కొక్కరి లైనూ చూపించినా.